డిసెంబర్ చివర్లో వేగస్ – జాయన్ – బ్రైస్ – పేజ్ – గ్రాండ్ క్యాన్యన్: ఇద్దరం, అద్దె కారు. రూటు చూసి చెప్పండి

ఓరుగల్లు_డాలస్:

అన్నలకీ అక్కలకీ నమస్తే. డిసెంబర్ 19 రాత్రి వేగస్‌లో దిగుతున్నాం, 28 పొద్దున తిరుగు ఫ్లైట్. నేనూ, బీటెక్ నాటి ఫ్రెండూ, ఇద్దరమే. ఇద్దరిదీ హెచ్1బీ, ఇద్దరికీ ఇక్కడి లైసెన్సులున్నాయి. మంచులో బండి నడిపిన అలవాటు మాత్రం ఇద్దరికీ లేదు.

మేం అనుకున్న రూటు ఇదీ: 20న డెత్ వ్యాలీ. 21న అక్కణ్ణుంచి స్ప్రింగ్‌డేల్ (జాయన్ నేషనల్ పార్కు గేటు దగ్గరి ఊరు). 22 అంతా జాయన్. 23న బ్రైస్. 24న పేజ్. 25న యాంటిలోప్ క్యాన్యన్ (ఇరుకైన రాతి లోయ), హార్స్‌షూ బెండ్ (నది మలుపు) చూసుకుని సాయంత్రానికి మాన్యుమెంట్ వ్యాలీ. 26న గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్ (లోయకి దక్షిణపు అంచు). 27న వేగస్.

ఈ వరస సరైనదేనా? సెడాన్ చాలా, ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకీ ఇంజిను బలం అందే) ఎస్‌యూవీ తీసుకోవాలా? దానికి రోజుకి 25 డాలర్లు ఎక్కువ అడుగుతున్నారు. టైర్లకి చైన్లు కొనాలా? గ్రాండ్ క్యాన్యన్‌లో కొంచెమైనా కిందికి దిగాలని ఉంది, చలికాలంలో దిగనిస్తారా? ఇంకోటి, మావాడు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఎడారి ఊళ్ళలో వాడికి తిండి ఎలా?

ఎడారిబాట:

ఓరుగల్లు గారూ, ముందు తేదీల సంగతి చూద్దాం, అక్కడే పెద్ద చిక్కుంది. యాంటిలోప్ క్యాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ రెండూ నవాజో నేషన్ (నవాజో ఆదివాసీల సొంత పాలనలోని ప్రాంతం) పార్కులు, క్రిస్మస్ రోజు మూసేస్తారు. మీరు సరిగ్గా ఆ రోజే రెండింటికీ వెళ్తున్నారు. అందుకే డెత్ వ్యాలీని తీసేసి అంతా ఒక రోజు ముందుకు జరపండి. అది వేగస్‌కి పడమర దిక్కున ఉంది, మిగతావన్నీ తూర్పున. దాని కోసం అటు వెళ్ళి మళ్ళీ వేగస్ మీదుగానే ఇటు రావాలి.

ఇప్పుడు వరస ఇలా వస్తుంది. 20న స్ప్రింగ్‌డేల్, 21 జాయన్, 22న బ్రైస్‌లో రాత్రి మకాం, 23 పొద్దున బ్రైస్‌లో సూర్యోదయం చూసి పేజ్, 24 పొద్దున యాంటిలోప్, మధ్యాహ్నం మాన్యుమెంట్ వ్యాలీ, 25న గ్రాండ్ క్యాన్యన్, 26 అంతా అక్కడే, 27న వేగస్. సౌత్ రిమ్ ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది, క్రిస్మస్ రోజు గేటు దాటి లోపలికి వెళ్ళడానికి అడ్డేమీ లేదు.

ఇక అసలు విషయం. మీరు మైళ్ళు లెక్కేసుకున్నారు గానీ ఎత్తు లెక్కలోకి తీసుకోలేదు. ఈ రూటులో వాతావరణాన్ని తేల్చేది ఎత్తే. వేగస్ 2,000 అడుగులు, స్ప్రింగ్‌డేల్ 3,900, పేజ్ 4,300, కెనాబ్ దాదాపు 5,000, గ్రాండ్ క్యాన్యన్ విలేజ్ దాదాపు 7,000. బ్రైస్‌లో సూర్యోదయం చూసే పాయింట్లు 8,000 అడుగుల్లో ఉంటాయి, రోడ్డు చివర ఉన్న రెయిన్‌బో పాయింట్ 9,115. ప్రతి 1,000 అడుగులకీ సుమారు 3 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుందని లెక్క పెట్టుకోండి. వేగస్‌లో 55 ఉన్న పూట బ్రైస్‌లో 30 దాటకపోవచ్చు, తెల్లవారుజామున 10 దగ్గరికి పడిపోతుంది. స్ప్రింగ్‌డేల్‌లో వాన పడుతుంటే బ్రైస్‌లో అదే మంచు. కాబట్టి ఫోన్‌లో ఊరి పేరు కొట్టి వాతావరణం చూడకండి. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్లో మ్యాప్ మీద మీరు వెళ్ళే పాయింట్‌నే నొక్కితే ఆ ఎత్తుకి సరిపడే సూచన వస్తుంది.

రూటులో జాగ్రత్త పడాల్సిన ఎక్కుళ్ళు మూడే. ఒకటి జాయన్ నుంచి బ్రైస్‌కి: మౌంట్ కార్మెల్ సొరంగం దాటాక యూఎస్ 89 మీదుగా స్టేట్ రూట్ 12, మొత్తం 85 మైళ్ళు, ఎండగా ఉంటే రెండు గంటలు. రెండోది క్యామెరన్ నుంచి డెజర్ట్ వ్యూకి వెళ్ళే స్టేట్ రూట్ 64. దాదాపు 30 మైళ్ళలో 3,000 అడుగులు పైకి ఎక్కుతుంది. క్యామెరన్‌లో రోడ్డు పొడిగా ఉందని ధీమాగా బయల్దేరితే పైన పైన్ చెట్ల నీడలో గాజులాంటి మంచు తగులుతుంది. పెద్ద తుఫాను వస్తే ఈ రోడ్డుని మూసేస్తారు కూడా. అప్పుడు ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా చుట్టు తిరిగి రావాలి. మూడోది చివరి రోజు విలియమ్స్, ఐ-40. విలియమ్స్ కూడా 6,700 అడుగుల పైమాటే, కింగ్‌మన్ వైపు దిగేదాకా మంచు ప్రాంతమే.

పగటి వెలుతురు ఇంకో లెక్క. డిసెంబర్ చివర్లో అక్కడ సూర్యోదయం ఏడున్నర తర్వాత, సూర్యాస్తమయం ఐదుంపావు ప్రాంతంలో. పైగా వేగస్ నుంచి జాయన్ వెళ్తే ఒక గంట పోతుంది, నెవాడా గడియారం యూటా కంటే గంట వెనక. వేగస్‌లో 9కి బయల్దేరితే 160 మైళ్ళు, రెండు గంటల నలభై ఐదు నిమిషాలు, చేరేసరికి అక్కడ పావు తక్కువ ఒంటిగంట. ఆ రోజుకి మిగిలేది నాలుగున్నర గంటల వెలుతురు. ఏడింటికల్లా కదలండి. తిరిగి వచ్చే రోజు ఆ గంట మళ్ళీ కలిసొస్తుంది. వేసవిలో అయితే నవాజో నేషన్ గడియారం, ఆరిజోనా గడియారం వేర్వేరుగా ఉంటాయి, చలికాలంలో రెండూ యూటాతో కలిసి ఒకటే. యాంటిలోప్ టూర్ టైము గురించి తికమక పడక్కర్లేదు.

గూగుల్ మ్యాప్స్ విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాను. బ్రైస్ నుంచి పేజ్‌కి కాటన్‌వుడ్ క్యాన్యన్ రోడ్డు అని దగ్గరి దారి కనిపిస్తుంది. అది 46 మైళ్ళ మట్టి రోడ్డు. ఆ మట్టి తడిస్తే జారుడు బంకలా తయారవుతుంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు కూడా దిగబడిపోతాయి, ఫోన్ సిగ్నల్ ఉండదు. కెనాబ్ మీదుగా యూఎస్ 89లోనే వెళ్ళండి, 150 మైళ్ళు, మూడు గంటలు. అలాగే గమ్యంగా "గ్రాండ్ క్యాన్యన్" అని మాత్రమే కొట్టకండి, సౌత్ రిమ్ విజిటర్ సెంటర్ అని కొట్టండి. నార్త్ రిమ్ రోడ్డు చలికాలమంతా మూసి ఉంటుంది. స్కైవాక్ అనే గాజు వంతెన ఉన్న గ్రాండ్ క్యాన్యన్ వెస్ట్ హువలపాయ్ తెగ వారి భూమి, నేషనల్ పార్కు కాదు, సౌత్ రిమ్‌కి అక్కణ్ణుంచి గంటల దూరం.

మెకానిక్_మావయ్య:

బండి గురించి నేను చెప్తాను. రోజుకి 25 డాలర్లు పెట్టి ఏడబ్ల్యూడీ తీసుకునే ముందు దాని పని ఏంటో తెలుసుకోండి. ఆగిన బండిని కదిలించడానికి, ఎక్కుడు ఎక్కడానికి పనికొస్తుంది. బ్రేకు కొడితే ఆగడానికి, మలుపులో పట్టు తప్పకుండా ఉండటానికి పనికొచ్చేది టైరే. అరిగిన టైర్లున్న ఎస్‌యూవీ కంటే మంచి టైర్లున్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ సెడాన్ నయం. కౌంటర్ దగ్గర సంతకం చేసే ముందు పార్కింగ్‌లోకి వెళ్ళి టైర్లు చూడండి. క్వార్టర్ నాణేన్ని తలకిందులుగా టైరు గాడిలో పెట్టండి. వాషింగ్టన్ తల పైభాగం పూర్తిగా కనిపిస్తే గాడి లోతు 4/32 అంగుళం కంటే తక్కువని అర్థం, ఆ బండి వద్దని వేరేది అడగండి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పువ్వు గుర్తు ఉంటే ఇంకా మంచిది. ఎం+ఎస్ అని మాత్రమే ఉంటే మామూలు ఆల్ సీజన్ టైరే.

నా సలహా: సెడాన్ బుక్ చేసుకుని ఉంచండి. బయల్దేరే ముందు మూడు రోజుల సూచనలో 6,000 అడుగుల పైన మంచు అని ఉంటేనే ఎస్‌యూవీకి మారండి. చైన్లు కొనకండి. అద్దె ఒప్పందాల్లో ఎక్కువగా చైన్లు వేయకూడదనే ఉంటుంది. వేస్తే, తెగి ఫెండర్ లోపల కొట్టుకుంటే, ఆ డబ్బు మీ నెత్తినే పడుతుంది. చైన్లు కావాల్సినంత మంచు పడిందంటే ఆ పూట కదలకపోవడమే సరైన పని. ఈ రూటులో మెయిన్ రోడ్లు మంచు ఆగాక కొన్ని గంటల్లోనే శుభ్రం చేస్తారు.

టైరు ప్రెషర్ లైటు వెలుగుతుంది, కంగారు పడకండి. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కీ సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. వేగస్‌లో 60 డిగ్రీల దగ్గర 32 ఉన్న టైరు బ్రైస్‌లో తెల్లారి 10 డిగ్రీల్లో ఒక్క చలి లెక్కనే 27 దగ్గరికి రావచ్చు. డ్రైవర్ డోరు ఫ్రేము మీద స్టిక్కర్‌లో ఎంత రాసి ఉంటే అంత, పొద్దున బండి కదిలే ముందు, చల్లగా ఉన్నప్పుడే చూసి కొట్టించండి. నాలుగింటిలో ఒకటే ఎక్కువగా తగ్గితే మాత్రం అది చలి కాదు, మేకు దిగిందేమో చూడాలి.

అద్దం కడిగే నీళ్ళు మర్చిపోయే విషయం. వేగస్, ఫీనిక్స్ బండ్లలో వేసవి రకం పోసి ఉంటుంది, అది అద్దం మీద పడగానే గడ్డకడుతుంది. ఉప్పు, బురద కలిసిన రోడ్డు మీద ముందు లారీ చిమ్మితే ఏమీ కనిపించదు. వాల్‌మార్ట్‌లో మైనస్ 20 అని రాసి ఉన్న గాలన్ డబ్బా కొని, పాతది వైపర్లు ఆడించి కొంత ఖాళీ చేసి, ఇది పోయండి. మంచు గీకే స్క్రేపర్ కూడా వేగస్‌లోనే కొనండి. గడ్డకట్టిన అద్దం మీద వేడి నీళ్ళు పోయకండి, పగులుతుంది.

పెట్రోలు: యూటాలో ఎత్తైన ఊళ్ళలో రెగ్యులర్ అంటే 85 ఆక్టేన్. ఇప్పటి బండ్ల మాన్యువల్‌లో సాధారణంగా 87 తక్కువ కాకుండా అని ఉంటుంది, మధ్య బటన్ నొక్కండి. సగం ట్యాంకు కంటే కిందికి పోనివ్వకండి. కెనాబ్, పేజ్, కయెంటా, క్యామెరన్, టుసాయన్‌లలో బంకులున్నాయి. గ్రాండ్ క్యాన్యన్ విలేజ్ లోపల బంకు లేదు, బయట 7 మైళ్ళ దూరంలో టుసాయన్‌లోనే.

నడపడం విషయానికొస్తే, రోడ్డు మీద తెల్లగా కనిపించే మంచు కంటే నల్లగా తడిసినట్టు కనిపించేదే ప్రమాదం. పగలు కరిగిన నీళ్ళు సాయంత్రం నాలుగున్నర తర్వాత గడ్డకడతాయి. వంతెనలు, కొండ నీడలు, చెట్ల నీడలు ముందు గడ్డకట్టే చోట్లు. క్రూజ్ కంట్రోల్ తీసేయండి. దిగుడులో బ్రేకు నొక్కిపట్టకుండా తక్కువ గేరులో వేయండి. ముందు బండికీ మీకూ మధ్య కనీసం 8 సెకన్ల దూరం ఉంచండి. బండి జారితే గ్యాసు (యాక్సిలరేటర్) మీద నుంచి కాలు తీసి, వెళ్ళాల్సిన వైపు చూస్తూ స్టీరింగ్ మెల్లగా తిప్పండి. ఏబీఎస్ పని చేస్తున్నప్పుడు పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది, అది మామూలే, భయపడి కాలు తీయకండి. మంచు తోసే బండి ముందు కనిపిస్తే వెనకాలే పోండి, దాటకండి. దాని వెనక రోడ్డు శుభ్రంగా ఉంటుంది, ముందు ఉండదు.

చీకటి పడ్డాక జంతువులు ఇంకో గండం. టుసాయన్ చుట్టూ ఎల్క్‌లు (పెద్ద జాతి దుప్పులు), యూఎస్ 89 మీద కెనాబ్ ప్రాంతంలో జింకలు. నవాజో నేషన్‌లో చాలా చోట్ల కంచెలుండవు, ఆవులు, గుర్రాలు రోడ్డు మీదే నిలబడతాయి. ఒక జింక దాటితే వెనక ఇంకోటి ఉందనే అనుకోండి.

బండిలో పెట్టుకోవాల్సినవి: రెండు కంబళ్ళు, టార్చ్, చిన్న పార, జంపర్ కేబుల్, మంచినీళ్ళు (రాత్రి బండిలో వదిలితే గడ్డకడతాయి, గదిలోకి తెచ్చుకోండి), క్యాట్ లిట్టర్ (పెంపుడు పిల్లుల పెట్టెలో పోసే గుళికల మట్టి) సంచి ఒకటి, జారే చక్రం కింద పోయడానికి. ఎక్కడన్నా ఇరుక్కుంటే బండి వదిలి నడవకండి. సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేసి, గంటకి పది నిమిషాలు ఇంజిను వేసి, ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, వాసన ఉండదు కాబట్టి తెలియదు.

ఓరుగల్లు_డాలస్:

మావయ్యా, ఎడారిబాట గారూ, చాలా థ్యాంక్స్. క్రిస్మస్ సంగతి మాకు తట్టనే లేదు. తేదీలు మార్చేశాం. యాంటిలోప్‌లో అప్పర్ మంచిదా, లోయర్ మంచిదా? మాన్యుమెంట్ వ్యాలీ మట్టి రోడ్డు మీద సెడాన్ పోతుందా?

అంచుమీద_నడక:

యాంటిలోప్ ఏదైనా గైడ్‌తోనే వెళ్ళాలి, సొంతంగా వెళ్ళనివ్వరు. 1997 ఆగస్టులో ఎక్కడో ఎగువన పడ్డ వానకి వరద వచ్చి లోయర్‌లో 11 మంది చనిపోయారు. ఆకాశం నీలంగా ఉన్నా టూరు రద్దు చేస్తే గైడ్‌తో వాదించకండి. ఫొటోల్లో చూసే వెలుగు స్తంభాలు అప్పర్‌లో వేసవి నెలల్లో మధ్యాహ్నం పూట పడతాయి, డిసెంబర్‌లో సూర్యుడు అంత ఎత్తుకి రాడు. కాబట్టి వాటి కోసం అప్పర్‌కి ఎక్కువ డబ్బు పెట్టే పని లేదు. చలికాలానికి లోయర్ సరిపోతుంది. నిటారు ఇనప మెట్లు ఎక్కి దిగాలి, మోకాళ్ళ బాధ ఉంటేనే అప్పర్. బ్యాగులు, ట్రైపాడ్‌లు రెండింట్లోనూ ఒప్పుకోరు. 24వ తేదీకి అందుబాటులో ఉన్న మొదటి టూరు ఇప్పుడే బుక్ చేయండి. హార్స్‌షూ బెండ్ 23 సాయంత్రమే చూసేయండి. రానూ పోనూ మైలున్నర నడక. పార్కింగ్ 10 డాలర్లు, ఆ డబ్బు పేజ్ ఊరికి వెళ్తుంది, నేషనల్ పార్క్ పాసు చెల్లదు.

మాన్యుమెంట్ వ్యాలీకి పేజ్ నుంచి 125 మైళ్ళు, రెండు గంటలు. మనిషికి 8 డాలర్ల ప్రవేశం, పాసు అక్కడా చెల్లదు. 17 మైళ్ళ మట్టి లూప్ పొడిగా ఉంటే సెడాన్ నెమ్మదిగా పోగలదు, రెండు మూడు గంటలు పడుతుంది. మొదటి దిగుడే ఎగుడుదిగుడు రాళ్ళు. మంచు కరిగి బురదగా ఉంటే దిగకండి, ఎక్కి రాలేరు. పైగా చాలా అద్దె ఒప్పందాలు మట్టి రోడ్డుని ఒప్పుకోవు, అక్కడ దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ పలకదు. నేనైతే నవాజో గైడ్ల జీపు టూరే తీసుకోమంటాను, సొంత బండికి తెరవని చోట్లకి కూడా తీసుకెళ్తారు, ఆ డబ్బు అక్కడి కుటుంబాలకే వెళ్తుంది. చలికాలంలో లూప్ గేటు త్వరగా ఆపేస్తారు, ఒంటిగంటకల్లా అక్కడ ఉండండి. నవాజో నేషన్‌లో మద్యం దగ్గర ఉంచుకోవడమే నేరం, వేగస్‌లో కొన్నవి డిక్కీలో ఉన్నా నేరమే. డ్రోన్ ఎగరేయకూడదు. మనుషుల్నీ ఇళ్ళనీ అడగకుండా ఫొటో తీయకండి.

ఇక క్యాన్యన్‌లోకి దిగడం. దిగనిస్తారు, ఎండాకాలం కంటే హాయిగా ఉంటుంది కూడా, కానీ మైక్రోస్పైక్స్ లేకుండా వద్దు. బూటు కింద గొలుసులతో, ముళ్ళతో ఉండే రకం కొనండి. స్ప్రింగు చుట్టల రకం ఊళ్ళో కాలిబాటకి పనికొస్తుంది గానీ, వందల మంది తొక్కి గట్టిపడ్డ వాలు మంచు మీద జారుతుంది. బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ పైభాగానికి చలికాలంలో ఎండ సరిగ్గా తగలదు, మంచు పడితే రోజుల తరబడి ఐసే. సౌత్ కయబాబ్ గట్టు మీదుగా దిగుతుంది కాబట్టి ఎండ బాగా పడుతుంది. మొదటి మెలికలు దాటితే చాలాసార్లు పొడి నేలే. మీకు సౌత్ కయబాబ్‌లో ఊ-ఆ పాయింట్ సరిపోతుంది, రానూ పోనూ 1.8 మైళ్ళు. దాని మొదటికి సొంత బండి పోదు, విజిటర్ సెంటర్ నుంచి షటిల్ (పార్కు వాళ్ళ బస్సు) ఎక్కాలి. దిగడానికి పట్టిన టైముకి రెట్టింపు ఎక్కడానికి పెట్టుకోండి. దారిలో నీళ్ళు దొరకవు, మనిషికి కనీసం లీటరున్నర మోసుకెళ్ళండి, చలిలో దాహం తెలియదు గానీ ఒళ్ళు ఎండిపోతుంది.

చలికాలపు మంచి వరం ఒకటుంది: హెర్మిట్ రోడ్. మార్చి నుంచి నవంబర్ దాకా షటిల్ బస్సులకే. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరిలో మన బండే తీసుకెళ్ళొచ్చు. 26 సాయంత్రం హోపీ పాయింట్‌కి వెళ్ళండి. 25న మాన్యుమెంట్ వ్యాలీ నుంచి వచ్చేటప్పుడు డెజర్ట్ వ్యూ, లిపాన్ పాయింట్‌లలో ఆగుతూ రండి, నది బాగా కనిపించేది అక్కడే.

బ్రైస్‌లో నవాజో లూప్‌కి రెండు వైపులుంటాయి. వాల్ స్ట్రీట్ వైపు చలికాలంలో రాళ్ళు పడతాయని మూసేస్తారు. టూ బ్రిడ్జెస్ వైపు దిగి క్వీన్స్ గార్డెన్ మీదుగా ఎక్కొచ్చు, అక్కడా స్పైక్స్ తప్పవు. మంచు పడ్డాక పార్కు రోడ్డుని మూడో మైలు దగ్గర ఆపేసి తర్వాత శుభ్రం చేస్తారు. సన్‌రైజ్, సన్‌సెట్, ఇన్‌స్పిరేషన్ పాయింట్లు చూస్తే చాలు, రెయిన్‌బో పాయింట్ దొరక్కపోయినా బాధపడకండి. ఎర్రటి రాతి స్తంభాల మీద తెల్లటి మంచు, దాని మీద మొదటి ఎండ. ఆ వారంలో మీరు చూసేవాటిలో నా ఓటు దానికే. ఫోన్ బ్యాటరీ చలికి ఒక్కసారిగా చచ్చిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి.

జాయన్‌లో 21న మీకు షటిల్ ఉండకపోవచ్చు, సీనిక్ డ్రైవ్‌లోకి సొంత బండి పోనిస్తారు. తొమ్మిదింటికల్లా లోపల పార్కింగ్ నిండుతుంది. నిండితే కాసేపు గేటు వేసేస్తారు. డిసెంబర్ చివరి రోజుల్లో సెలవుల రద్దీకి షటిల్ మళ్ళీ వేస్తారు, అప్పుడు సొంత బండి పోదు. మీ తేదీకి ఏది వర్తిస్తుందో పార్కు పేజీలో చూసుకోండి. ఏంజెల్స్ ల్యాండింగ్‌కి 2022 నుంచి పర్మిట్ లాటరీ ఉంది. మంచులో గొలుసులు పట్టుకుని ఆ గట్టు ఎక్కడం కొత్తవాళ్ళ పని కాదు. దానికి బదులు సొరంగానికి తూర్పున ఉన్న క్యాన్యన్ ఓవర్‌లుక్, రానూ పోనూ ఒక మైలు.

పాసు: జాయన్, బ్రైస్, గ్రాండ్ క్యాన్యన్ మూడు పార్కులకీ బండికి 35 చొప్పున 105 డాలర్లు అవుతుంది, ఏడాది పాసు 80. అదే కొనండి. 2026 జనవరి 1 నుంచి ఇక్కడి నివాసులకి 80, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళకి 250 చేశారు. పాసు లేని విదేశీయులకి ఈ మూడింటితో సహా 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఈ లెక్క చూసుకోండి. మీ ఇద్దరూ ఇక్కడి లైసెన్సు చూపిస్తే నివాసుల పాసే.

పులిహోర_ప్యాకెట్:

తమ్ముడూ, తిండి సంగతి నాకు వదిలెయ్యి. సరుకంతా వేగస్‌లో గానీ, దారిలో సెయింట్ జార్జ్‌లో గానీ కొనేయండి, అక్కడ కాస్ట్‌కో, వాల్‌మార్ట్ రెండూ ఉన్నాయి. తర్వాత దారిలో పెద్ద దుకాణాలు తక్కువ.

మొదటి రెండు రోజులకి పులిహోర, చపాతీలు. బయట చలి కాబట్టి పాడవ్వవు, కానీ డిక్కీలో రాత్రంతా వదిలితే అన్నం గడ్డకట్టి, కరిగాక పలుకులు విరిగిపోతాయి. గదిలోకి తెచ్చుకోండి. తర్వాతి రోజులకి ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కటి చాలు. ఇంట్లోనే రవ్వ వేయించి, తాలింపు పెట్టి, ఉప్పు కలిపి ఉప్మా మిక్స్ జిప్ బ్యాగుల్లో పోసుకోండి. ఒక వంతు రవ్వకి రెండున్నర వంతుల మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు మూతపెడితే అయిపోతుంది. పల్చటి అటుకులైతే ఇంకా తేలిక. రైస్ కుక్కర్ తీసుకెళ్తే హోటల్ వాళ్ళు గదిలో వంటకి ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి, తాలింపు పొగకి అలారం మోగితే జరిమానా వేస్తారు. ఇంకో మాట, 7,000 అడుగుల ఎత్తున నీళ్ళు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. ప్రెషర్ లేని రైస్ కుక్కర్లో కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. పప్పు తినాలనుంటే పెసరపప్పు నానబెట్టి వండండి, అన్నానికి ఇంకో అరకప్పు నీళ్ళు ఎక్కువ పోయండి. ఆవకాయ సీసా నిండా పెట్టకండి. పైకి ఎక్కేకొద్దీ లోపలి గాలి ఒత్తి నూనె మూత దగ్గర కారుతుంది. రెండు జిప్ బ్యాగుల్లో చుట్టి నిలబెట్టండి. కారం పొడి, నెయ్యి అయితే ఏ బాధా లేదు.

బయట తినేటప్పుడు: కయెంటా, క్యామెరన్‌లలో నవాజో టాకో దొరుకుతుంది, వేయించిన రొట్టె మీద చిక్కుడు గింజలు, చీజ్. మాంసం వద్దంటే సరిపోదు. రొట్టె వేయించింది పంది కొవ్వులోనా, గింజల్లో కూడా ఆ కొవ్వే (లార్డ్) వేశారా అని రెండూ అడగాలి. మెక్సికన్ హోటళ్ళలో టోర్టిల్లాకీ ఇదే ప్రశ్న. 25న దారిలో చాలా కొట్లు మూసి ఉంటాయి. 24 రాత్రే మర్నాటి రెండు పూటలకీ సిద్ధం చేసి పెట్టుకోండి.

ఫీనిక్స్_నీడ:

కాగితాల గురించి ఎవరూ చెప్పలేదు. 18 నిండిన విదేశీయులు ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలన్నది చట్టం. పాస్‌పోర్ట్, ఐ-94 ప్రింటు, ఐ-797 (హెచ్1బీ ఆమోదం కాగితం) ఒక కవరులో పెట్టి బండిలో కాకుండా మీతోనే ఉంచుకోండి. మీ రూటులో సరిహద్దు పోలీసుల శాశ్వత చెక్‌పోస్టులు తగలవు. కానీ రూటు మార్చి దక్షిణానికి దిగితే తగులుతాయి: ట్యూసన్ కింద ఐ-19 మీద, లాస్ క్రూసెస్ పైన ఐ-25 మీద, వైట్ శాండ్స్ నుంచి లాస్ క్రూసెస్ వచ్చే యూఎస్ 70 మీద, ఎల్ పాసో తూర్పున ఐ-10 మీద. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్ళయితే ఐ-20 (కాలేజీ ఇచ్చే కాగితం) కూడా ఉండాలి. అడిగిన దానికి సూటిగా జవాబు చెప్పి కాగితం చూపిస్తే రెండు నిమిషాల పని.

మంచంటే మరీ భయంగా ఉన్నవాళ్ళకి ఆ దక్షిణపు రూటే మంచిదని నా అభిప్రాయం. ట్యూసన్ 2,400 అడుగులు, సగువారో జెముళ్ళు డిసెంబర్‌లో టీషర్టు మీద చూడొచ్చు. వైట్ శాండ్స్ 4,000 అడుగులు, తెల్లటి జిప్సం ఇసుక దిబ్బల మీద జారడానికి ప్లాస్టిక్ పళ్ళేలు విజిటర్ సెంటర్‌లోనే అమ్ముతారు. పక్కన క్షిపణి పరీక్షలుంటే రోడ్డు మూడు గంటల దాకా ఆపేస్తారు, ముందు రోజే పార్కు పేజీ చూసుకోవాలి. కార్ల్స్‌బాడ్ గుహ లోపల ఏడాదంతా 56 డిగ్రీల ఫారెన్‌హీటే, పైన మంచు పడినా లోపల తేడా ఉండదు. డాలస్ నుంచి బండిలోనే వెళ్ళొచ్చు.

ఓరుగల్లు_డాలస్:

అందరికీ దండాలు. చివరి ప్రశ్న. 22న బ్రైస్ దగ్గర తుఫాను అని 20నే తెలిస్తే ఏం చేయమంటారు?

ఎడారిబాట:

కిందికి దిగిపోండి. 20న వేగస్‌లోనే తెలిస్తే తూర్పుకి పోకుండా డెత్ వ్యాలీకి వెళ్ళండి, రెండు గంటలు. బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 282 అడుగులు కింద ఉంటుంది, చుట్టూ కొండల మీద మంచు కురుస్తున్నా అక్కడ చలికోటు చాలు. వానకి లోపలి రోడ్లు కొట్టుకుపోతుంటాయి కాబట్టి ఏవి తెరిచున్నాయో పార్కు పేజీలో చూసి బయల్దేరండి. 21న తిరిగి వచ్చి, 22న వేగస్ నుంచి నేరుగా స్ప్రింగ్‌డేల్, 23న పేజ్. జాయన్‌కి టైము తగ్గుతుంది గానీ పూర్తిగా వదులుకునేది బ్రైస్ ఒక్కటే, 23 నుంచి తేదీలు కదలవు.

స్ప్రింగ్‌డేల్ చేరాక తెలిస్తే అక్కడే ఇంకో రాత్రి ఉండిపోండి. 23న జాయన్ సొరంగం దారి మంచుతో ఆగిపోతే హరికేన్ ఊరి నుంచి స్టేట్ రూట్ 59, ఆరిజోనా 389 మీదుగా ఫ్రెడోనియా, కెనాబ్ చేరొచ్చు. అది కూడా 5,000 అడుగులకి అటూ ఇటూ ఉంటుంది గానీ ఎక్కుడు తక్కువ.

25న క్యామెరన్ చేరాక ఆగి, 511 అనే రోడ్ల సమాచార సేవలో స్టేట్ రూట్ 64 తెరిచి ఉందో లేదో చూడండి, ఆ తర్వాత డెజర్ట్ వ్యూ దాకా సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. మూసి ఉంటే యూఎస్ 89లో ఫ్లాగ్‌స్టాఫ్, అక్కణ్ణుంచి యూఎస్ 180 కాకుండా ఐ-40 మీద విలియమ్స్, 64 ఉత్తరానికి. 180 ఎత్తైన అడవి దారి, తుఫాను రోజు అది వద్దు. రెండున్నర గంటలు పెట్టుకోండి. క్యామెరన్‌లో మధ్యాహ్నం రెండు దాటిపోతే ఆ రాత్రికి ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే ఆగిపోండి.

ఇదంతా కుదరాలంటే బ్రైస్, టుసాయన్ గదులు రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయాలి, పది డాలర్లు ఎక్కువైనా సరే. రద్దు గడువు ఎన్ని గంటల ముందో రాసి పెట్టుకోండి, చాలా చోట్ల 48 లేదా 72 గంటలుంటుంది. 19 రాత్రి వేగస్‌లో దిగగానే బ్రైస్ సూచన చూస్తే 48 గంటల గడువు ఇంకా దాటదు, 72 గంటలదైతే మాత్రం అప్పటికే దాటిపోయి ఉంటుంది, ఫ్లైట్ ఎక్కే ముందే చూసుకోండి.